చదివిన పుస్తకాలు, మన పేరు లేని పుస్తకాలు

(ఏలూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి మాట్లాడమని మీరు కోరినప్పుడు సంతోషం కలిగింది. వెంటనే కొంత సంకోచమూ కలిగింది. మన సమావేశాల్లో మామూలుగా చట్టాల గురించి, కేసుల గురించి, పథకాల గురించి మాట్లాడుకుంటాం. పుస్తకాల మాట వచ్చేసరికి "అవన్నీ తీరికున్నవాళ్ళకి" అని నవ్వి పక్కన పెట్టేస్తాం. కార్యకర్తకి తీరిక లేదన్నది నిజమే. పొద్దున్న పోలీసు స్టేషను, మధ్యాహ్నం తహసీల్దారు ఆఫీసు, సాయంత్రం సంఘం మీటింగు, ఇంటికెళ్ళాక మళ్ళీ వంటిల్లు. కానీ చదవడం తీరికున్నవాళ్ళ పని అని నిర్ణయించింది ఎవరు? ఆడవాళ్ళకి అక్షరం ఎందుకన్నవాళ్ళే ఈ మాట కూడా మన నోట్లో పెట్టారేమో ఆలోచించండి.

మన రాష్ట్రంలో ఒక పాఠం ఎంత పని చేసిందో మీలో చాలామందికి తెలుసు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. మొగుడి తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ అది. దూబగుంటలో ఆ పాఠం విన్న ఆడవాళ్ళు అది ఎక్కడో ఉన్న సీతమ్మ కథ కాదు, తమ కథే అనుకున్నారు. ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. అది పక్క ఊళ్ళకి, పక్క జిల్లాలకి పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ ఓటమి మనందరికీ తెలిసిందే. అయినా ఒక చిన్న వాచకం, దాన్ని కూర్చుని కలిసి చదివిన ఆడవాళ్ళు, ఈ రెండూ కలిస్తే ఏం జరుగుతుందో మనం కళ్ళారా చూశాం. అక్కడ పుస్తకం గొప్పదనం కంటే కలిసి చదవడం గొప్పది. చదివిన మాటని పక్క మనిషితో పంచుకున్నప్పుడు "నాకొక్కదానికే కాదన్నమాట" అన్న ఎరుక కలుగుతుంది. మన ఉద్యమం మొదలయ్యేది ఆ ఎరుకతోనే.

అందుకని ఇవాళ నేను పుస్తక సమీక్ష చెయ్యబోవడం లేదు. ఈ మధ్య చదివిన, మళ్ళీ చదివిన కొన్ని పుస్తకాలు నన్ను ఏ ప్రశ్నలు అడిగాయో, ఆ పుస్తకాల గురించి మాట్లాడినప్పుడు మన ప్రాంతపు ఆడవాళ్ళు నన్ను ఏం ప్రశ్నలు అడిగారో చెప్తాను. ఈ రెండో రకం ప్రశ్నలకి జవాబు చెప్పడం నాకు ఎక్కువ కష్టమయింది.

మొదటిది కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ "నిర్జన వారధి". 2012లో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆవిడకి తొంభై నాలుగేళ్ళు. 1918లో ఇక్కడికి దగ్గరలోనే పామర్రులో పుట్టారు. బాల్యంలో పెళ్ళి, బాల్యంలోనే వైధవ్యం. తర్వాత ఉద్యమంలో కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం. పాటలు, నాటకాలు, పార్టీ పనులు, అజ్ఞాతవాసం. పిల్లల్ని తల్లికి అప్పజెప్పి తిరిగిన రోజులు. ఆ తర్వాత భర్త విడిచి వెళ్ళిపోయారు. ఆ రోజున ఆవిడ చేతిలో ఏముంది? ఇల్లు లేదు, జీతం లేదు, చూపించడానికి ఒక సర్టిఫికెట్టు లేదు. ముప్పై అయిదేళ్ళు దాటాక హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు. తర్వాత కాకినాడలో హాస్టలు మేట్రనుగా పనిచేసి తన కాళ్ళ మీద తను నిలబడ్డారు. కొడుకునీ, కూతురినీ కూడా పోగొట్టుకుని ఇంకా బతికారు. 2018లో నూరేళ్ళు నిండి వెళ్ళిపోయారు.

ఈ పుస్తకాన్ని ఇంతకుముందు చదివినప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి, ఆవిడ మీద గౌరవం కలిగింది. ఈసారి చదివినప్పుడు కోపం వచ్చింది. ఆవిడ మాటల్లో కోపం తక్కువ. నాకు కోపం వచ్చింది మన లెక్కల మీద. ఉద్యమానికి పాట పాడినామె, వచ్చిపోయేవాళ్ళకి వండిపెట్టినామె, రహస్య స్థావరంలో సంసారం నడిపినామె, ఒక మనిషి వెళ్ళిపోగానే ఏమీ లేని మనిషిగా ఎందుకు మిగిలిపోవాలి? మన సంస్థల్లో ఇవాళ పనిచేస్తున్న క్షేత్ర కార్యకర్తలు ఎంతమందికి పి.ఎఫ్. ఉంది, ఎంతమందికి ప్రసూతి సెలవు ఉంది? త్యాగం అనే మాట ఆడవాళ్ళ విషయంలో చాలా చవకగా వాడేస్తాం. మన పత్రికల్లోనూ వాడేస్తాం.

ఈ పుస్తకంలో కొన్ని భాగాలు తాడేపల్లిగూడెంలో ఒక సాయంత్రం గట్టిగా చదివి వినిపించాను. ఉల్లిపాయల మార్కెట్టులో గ్రేడింగు పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక పదిహేనుమంది వచ్చారు. పని దిగి నేరుగా వచ్చినవాళ్ళు, చేతుల నిండా ఉల్లి వాసన. పార్టీల చీలికల సంగతి చదువుతుంటే ఇద్దరు కునికిపాట్లు పడ్డారు. ముప్పై అయిదు దాటాక పలక పట్టినంత పని చేసిందన్న చోట మాత్రం అందరూ లేచి కూర్చున్నారు. ఒకామె, "నాకు నలభై ఒకటండీ. ఏడులో మాన్పించేశారు. ఇప్పుడు టెన్త్ కట్టనిస్తారా?" అని అడిగింది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా కట్టొచ్చని చెప్పాం. ఆ రోజు నా దగ్గర ఉన్న విశ్లేషణంతా ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నదయిపోయింది. ఆమె ఆ పుస్తకంలోంచి తనకి కావలసింది తను తీసుకుంది. మనం ఇవ్వాలనుకున్నది తీసుకోలేదు. చదివించేవాళ్ళం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండోది గోగు శ్యామల గారు రాసిన "నేనే బలాన్ని". 2011లో వచ్చింది. టి.ఎన్. సదాలక్ష్మి గారి బతుకు కథ. పారిశుద్ధ్య పని చేసే కులంలో పుట్టి మంత్రిగా, శాసనసభ డిప్యూటీ స్పీకరుగా పనిచేసినామె, 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, తర్వాత మాదిగ దండోరాలోనూ నిలబడినామె. అయినా మన స్త్రీల చరిత్రల్లో ఆవిడ పేరు ఎన్ని చోట్ల ఉంది? స్త్రీవాదులమని చెప్పుకునే మనం మన పాత సంచికలన్నీ తిరగేసి చూసుకోవలసిన విషయం ఇది. "స్త్రీలు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. కొల్లేటి లంకల్లో చేపలు పట్టే వడ్డీల ఇంటి ఆడమనిషీ, గట్టు మీద మట్టి మోసే మాల మాదిగల ఇంటి ఆడమనిషీ, చెరువు లీజుకిచ్చి ఏలూరులో కాపురముండే కుటుంబపు ఆడమనిషీ ఒకటేనా? ముగ్గురికీ ఇంట్లో దెబ్బలు ఉండొచ్చు. కానీ చెరువు ఎండితే ముగ్గురికీ ఒకే రకంగా ఆకలి వెయ్యదు.

ఈ పుస్తకంలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి ఉంది. ఒక దళిత స్త్రీ బతుకుని మరొక దళిత స్త్రీ అడిగి, విని, తెలుగులో రాసింది. రాసినదాన్ని చెప్పినవాళ్ళ మనుషులు చదువుకోగలరు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"కి కూడా ఈ గౌరవం దక్కాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని ముందు తెలుగులో వేశారు, ఇంగ్లీషు పుస్తకం 1989లో వచ్చింది. ఈ వరస చిన్న విషయం కాదు. ఎందుకంటే, నేను ఆ వరస పాటించలేదు.

ఆ సంగతి చెప్పాలంటే మూడో పుస్తకం దగ్గరికి రావాలి. అక్కినేని కుటుంబరావు గారి "కొల్లేటి జాడలు". కొల్లేటి ఒడ్డున గడిచిన బాల్యం, నీటి మీద ఆధారపడిన ఊరి ఉమ్మడి బతుకు, అది ఎట్లా కరిగిపోయిందన్న దుఃఖం అందులో ఉన్నాయి. వసంత కన్నబిరాన్ గారు దాన్ని ఇంగ్లీషు చేశారు. మన ప్రాంతం వాళ్ళు తప్పక చదవవలసిన నవల. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. 1970ల నుంచి సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు వచ్చాయి. తర్వాత సంఘాల పేరు మిగిలి చెరువులు పెట్టుబడిదార్ల చేతుల్లోకి వెళ్ళాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. అయిదో కాంటూరా మూడో కాంటూరా అన్న గొడవ ఆ తర్వాత ఎన్నో ఎన్నికల్లో వినపడింది.

గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది నేను పిహెచ్.డి. కోసం లంక గ్రామాల్లో తిరిగాను. దోనె మీద, మోపెడ్ మీద, నడిచి. ప్రతి ఇంటికీ ఒక ప్రశ్నాపత్రం. మొదటి గడిలో "కుటుంబ యజమాని పేరు". అక్కడ మగవాడి పేరు రాశాను. అతను పనికి వలస వెళ్ళి ఆరు నెలలయినా అతని పేరే రాశాను. భార్య గుమ్మంలో కూర్చుని నాకు జవాబులన్నీ చెప్తుంటే కూడా అతని పేరే రాశాను. సర్వేకి వచ్చిన ఉద్యోగి దగ్గరున్న కాగితానికీ, స్త్రీవాదిని అనుకున్న నా దగ్గరున్న కాగితానికీ ఆ మొదటి గడిలో తేడా లేదు. సిద్ధాంత వ్యాసం ఇంగ్లీషులో రాశాను. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

ఈ నవల చదివాక, అది తీసుకుని మళ్ళీ ఆ లంకల్లో ఒక ఊరు వెళ్ళాను. పాత కొల్లేటి గురించి, కిక్కిస గురించి, మావులు వేసి చేపలు పట్టిన రోజుల గురించి కొన్ని పేజీలు చదివాను. పెద్దవాళ్ళు ఎంతో ఇష్టంగా విన్నారు. అంతా అయ్యాక, నా ప్రశ్నలకి అప్పట్లో ఒక పూటంతా జవాబులు చెప్పిన ఆమె, ఇప్పుడు జుట్టంతా నెరిసింది, నన్ను గుర్తుపట్టి అడిగింది: "అప్పుడు మా మాటలన్నీ రాసుకెళ్ళారు గదమ్మా, ఆ పుస్తకం ఏది? ఇది వేరే ఆయన రాసింది గదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది, అందులో ఆమె పేరు లేదు. గోప్యత కోసం పేరు మార్చామని మనం అంటాం. మొదటి గడిలో మాత్రం గోప్యత కోసం కాదు, ఆమె పేరు అసలు అడగనే లేదు.

ఆ రోజే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. నేను నవల గురించి చెబుతూ ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి బతుకు అని రెండు మూడుసార్లు అన్నాను. రొయ్యల షెడ్డులో పనికెళ్ళే కోడలు పిల్ల ఒకతి, "ఉమ్మడి అంటే ఆడాళ్ళక్కూడా వాటా ఉండేదాండి?" అంది. అందరూ నవ్వారు. పక్కనున్న ముసలమ్మ, "కొల్లేరంతా పెద్దింట్లమ్మదేనే. సొసైటీ పుస్తకంలో ఒక్క ఆడదాని పేరుంటే చూపించు" అంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఈ ప్రశ్న లేవనెత్తడం నవలని తప్పుపట్టడం కాదు. ఆ నవలని అంత ఇష్టంగా చదివిన నాకు ఈ ప్రశ్న తట్టకపోవడం నా చదువులోని లోపం. పోయిన ఉమ్మడి కోసం ఏడ్చేటప్పుడు, ఆ ఉమ్మడిలో ఎవరి పేరు ఉంది, ఎవరి చాకిరీ ఉంది అని అడగకపోతే, రేపు కొల్లేరు బాగుపడినా అది మళ్ళీ పాత లెక్కలోనే బాగుపడుతుంది.

ఆ ముసలమ్మ మాట విన్నాక వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న "పుస్తకాలు" చూపించమన్నాను. రేషను కార్డు తెచ్చారు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషను కార్డుకి ఇంట్లో పెద్ద స్త్రీయే కుటుంబ పెద్ద. అందులో ఆమె పేరుంది. పొదుపు సంఘం అప్పు పుస్తకం తెచ్చారు. అందులోనూ ఆమె పేరే. ఇంటి కాగితాలు, పొలం పాసు పుస్తకం, సొసైటీ వాటా కాగితం తెచ్చారు. ఒకటి రెండు ఇళ్ళు తప్ప వాటిలో భర్త పేరో, మామగారి పేరో, కొడుకు పేరో. అంటే ఏమిటి? వండి పెట్టే బియ్యానికి ఆమె పెద్ద. తీర్చవలసిన అప్పుకి ఆమె పెద్ద. ఆస్తికి మాత్రం ఆమె ఎవరూ కాదు. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు. వాళ్ళ ఇంటి చూరు కింద, ప్లాస్టిక్ సంచిలో ఉంది.

అప్పుడు నాలుగో పుస్తకం మళ్ళీ తీశాను. బీనా అగర్వాల్ గారి "ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్". 1994లో వచ్చింది. పెద్ద పుస్తకం. విద్యార్థిగా ఉన్నప్పుడు పరీక్ష కోసం చదివాను. ఆవిడ వాదం సారాంశం ఇది. కుటుంబానికి భూమి ఇస్తే అందులో ఉన్న అందరికీ చెందుతుందనుకోవడం తప్పు. చట్టంలో హక్కు ఉండడం వేరు, ఆ హక్కు చేతికి రావడం వేరు. పేరు మీదకి రావడం వేరు, దాని మీద అజమాయిషీ దొరకడం వేరు. స్త్రీకి తనదంటూ భూమి ఉంటే ఇంట్లో ఆమె మాటకి బలం వస్తుంది, దిక్కులేనప్పుడు నిలబడే చోటు దొరుకుతుంది. మన కోటేశ్వరమ్మ గారి బతుకు పక్కన పెట్టి ఈ పుస్తకం చదవండి. ఒకటి సిద్ధాంతం, ఒకటి జీవితం. రెండూ ఒకే మాట చెప్తాయి.

చట్టం విషయంలో మనవాళ్ళు ముందే నడిచారు. దేశమంతటా కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 2005లో వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మన ఊళ్ళలో ఏం జరుగుతోంది? "పసుపు కుంకుమ ఇచ్చేశాంగా" అంటారు. అన్నదమ్ములతో పుట్టింటి దారి మూసుకుపోతుందన్న భయంతో అమ్మాయిలే సంతకం పెట్టేసి వస్తారు. మీరు కేసులు చూస్తున్నవాళ్ళు, మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక సొసైటీ చెరువుల వాటాలు, లీజు డబ్బు, డి-పట్టాలు ఈ చట్టం గీతలో సరిగ్గా ఇమడవు. అక్కడ మనం వేరేగా అడగాలి. భార్యాభర్తలిద్దరి పేరు మీదా పట్టా, సొసైటీలో స్త్రీలకి సొంత సభ్యత్వం, స్త్రీల బృందాలకే లీజు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు భూమిని కలిసి కౌలుకి తీసుకుని సాగుచేసి చూపించాయి. పొలంలో చేసినది నీటిలో ఎందుకు చెయ్యలేమన్నది మనం ఆలోచించాలి.

చివరిగా, ఇక్కడి నుంచి ఏం చేద్దాం అన్న సంగతి.

మన జిల్లాలకి పుస్తకాల విషయంలో గొప్ప చరిత్ర ఉంది. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే గ్రంథాలయం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవలో పుస్తకం ఊరూరా వెళ్ళిన నేల ఇది. ఇవాళ లంకల్లోకి సిమెంటు రోడ్డు వెళ్ళింది, మేత లారీ వెళ్ళింది, పుస్తకం వెళ్ళలేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మన డబ్బు. మన ఊరికి ఏ పుస్తకాలు కొన్నారో, ఆడవాళ్ళు వెళ్ళగలిగే వేళకి శాఖా గ్రంథాలయం తెరిచి ఉంటోందో లేదో అడిగే హక్కు మనకుంది.

ప్రతి సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక ఒక అరగంట చదువుకుందాం. ఒకరు గట్టిగా చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. చదువు రానివాళ్ళు వెనక కూర్చోకూడదు, వాళ్ళే ముందు కూర్చోవాలి, ఎందుకంటే అడగవలసిన ప్రశ్న వాళ్ళ దగ్గరుంటుంది. ఒక నెల కథ, ఒక నెల ఆత్మకథ, ఒక నెల ప్రభుత్వ జీవో, ఒక నెల వాళ్ళవాళ్ళ ఇళ్ళలో ఉన్న ప్లాస్టిక్ సంచి. జీవోని కూడా కథ చదివినట్టు చదవాలి. ఇందులో మనుషులెవరు, మాట్లాడేదెవరు, పేరు లేనిదెవరికి అని చూడాలి.

నా వంతు పని ఒకటి ఉంది. నా పాత సిద్ధాంత వ్యాసాన్ని తెలుగులో, చదవగలిగే తెలుగులో తిరగరాస్తున్నాను. రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఆ ఊరు తీసుకెళ్ళి చదివి వినిపిస్తున్నాను. మొదటి అధ్యాయంలోనే వాళ్ళు పదకొండు తప్పులు పట్టుకున్నారు. చెరువు గట్టు ఏ నెలలో తెగిందన్నది తప్పు రాశాను. చేప పేరు ఒకటి తప్పు రాశాను. సంతోషంగా దిద్దుకున్నాను. పోయినసారి వెళ్ళినప్పుడు ఆ నెరిసిన జుట్టు ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, "మార్చొద్దమ్మా, నా పేరు నా పేరే రాయి" అంది. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, పుట్టింటి ఇంటి పేరు కూడా చెప్పి రాయించింది.

మొదటి గడిలో ఇప్పుడు ఆమె పేరుంది. పాసు పుస్తకంలోనూ, సొసైటీ పుస్తకంలోనూ ఆ పేరు చేరే పని మనందరిదీ.